ఆటోనగర్‌లో మా పాత మారుతి 800కి వైపర్ మోటార్ మార్పించాను, పని ఎలా చేశారంటే

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత కారు నడుపుతూ, వైపర్ మొండికేసి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో తెలియక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది 2008 మోడల్ మారుతి 800. నాన్న కొన్న కారు, ఇప్పటికీ గుంటూరు నుంచి బెజవాడకి మా రాకపోకలన్నీ దాని మీదే. దీని వైపర్ మోటార్ విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డులో మార్పించాను. షెడ్డుకి బోర్డు లేదు కాబట్టి పేరు రాయలేను, ఎలా వెళ్లాలో మాత్రం కింద చెప్తాను. మోటార్ మార్చడం చాలామందికి వచ్చు. మోటార్ ఎందుకు పోయిందో చూసి, ఆ కారణాన్ని కూడా సరిచేసి పంపేవాళ్లు తక్కువ. ఈయన ఆ రెండో రకం. ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

ముందు బండికి ఏమైందో చెప్పాలి. వైపర్ ఒక్కసారిగా ఆగలేదు, మెల్లగా బద్ధకించింది. జల్లు పడి అద్దం సగం తడిగా సగం పొడిగా ఉన్నప్పుడు మధ్యలో ఒక క్షణం తటపటాయించి మళ్లీ కదిలేది. తర్వాత స్విచ్ ఆపినా కిందకి రాకుండా ఎక్కడపడితే అక్కడ నిలబడిపోవడం మొదలుపెట్టింది. నవంబరులో వాయుగుండం పట్టి వాన ఆగకుండా కురుస్తున్న సాయంత్రం, కాజ టోల్‌గేటు దాటాక, పక్కన వెళ్తున్న లారీ చక్రాల నుంచి నీళ్లు కుండపోతగా అద్దం మీద పడుతుంటే రెండు రెక్కలూ సరిగ్గా డ్రైవర్ కళ్లకి ఎదురుగా నిలిచిపోయాయి. హైవే మీద ఆ వేగంలో ముందు ఏముందో కనపడకపోవడమంటే ఎంత భయమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. నాన్న పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టి దారి చెప్తుంటే, ఇండికేటర్లు వేసుకుని పక్కకి తీశాం. వాన తగ్గేదాకా అక్కడే ఉన్నాం.

మర్నాడు గుంటూరులోనే ఒక మెకానిక్‌కి చూపించాం. పేరు వద్దు. బానెట్ ఎత్తి, స్విచ్ ఒకసారి వేసి, "మోటార్ పోయిందండీ" అన్నాడు, అంతే. పాత బండి నుంచి తీసిన మోటార్ ఒకటి తెచ్చి బిగించాడు. రెండు రోజులు బాగా తిరిగింది, తర్వాత ఫ్యూజ్ కొట్టేయడం మొదలైంది. మళ్లీ తీసుకెళ్తే ఏం చేశాడో తెలుసా, అంతకంటే ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి పంపించాడు. ఇది చాలా ప్రమాదకరమైన పని. ఫ్యూజ్ ఉండేదే వైరు కాలకుండా ముందు తను పోవడానికి. అది పోకుండా చేస్తే డాష్‌బోర్డు లోపల వైరు వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది. మా బండిలో వైపర్ వేస్తే ప్లాస్టిక్ కాలిన వాసన రావడంతో ఇక దాన్ని ముట్టుకోలేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒకచోట అడిగితే ఈ మోడల్‌కి పార్టు తమ దగ్గర లేదు, తెప్పించాలంటే ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేం అన్నారు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, వాళ్లని కూడా తప్పుపట్టలేం.

అప్పుడు నాన్న స్నేహితుడొకాయన, లారీలు నడిపినవాడు, "ఆటోనగర్ వెళ్లండయ్యా, పాత బండికి అంతకంటే దిక్కు లేదు" అన్నారు. బయటివాళ్లకి తెలియకపోవచ్చు, విజయవాడ జవహర్ ఆటోనగర్ అంటే ఏదో నాలుగు షాపుల వీధి కాదు. 1960ల్లో మొదలైన పెద్ద పారిశ్రామిక వాడ. లారీ బాడీలు కట్టేవాళ్లు, లేత్ పనివాళ్లు, స్ప్రింగు పట్టీలవాళ్లు, రేడియేటర్లవాళ్లు, టింకరింగ్, పెయింటింగ్, స్పేర్ పార్టులు, పాత సామాను, ఏది కావాలన్నా నడిచి వెళ్లే దూరంలో దొరుకుతుంది. వైపర్ మోటార్ లాంటి పనికి ఇది చాలా కలిసొస్తుంది. మధ్యలో ఒక బుష్ (కీలు అరగకుండా లోపల వేసే చిన్న గొట్టం) కావాలంటే, ఒక బోల్టు మర విరిగిందంటే, పక్క సందులో పని అయిపోతుంది. బండి వదిలేసి ఇంటికెళ్లాల్సిన అవసరం రాలేదు.

ఇక ఆయన చేసిన పని. అరవై దాటిన మనిషి, పక్కన ఇద్దరు కుర్రాళ్లు. నేను వెళ్లి "బాబాయ్, వైపర్ మోటార్ మార్చాలి" అంటే, "మార్చాలో వద్దో నువ్వెలా చెప్తావు బాబూ, ముందు చూద్దాం ఉండు" అన్నారు. ఆ ఒక్క మాటతో సగం నమ్మకం కుదిరింది.

మొదట ఫ్యూజ్ డబ్బా తెరిచి, ఆ పెద్ద ఫ్యూజ్ బయటికి తీసి నాకు చూపించి, మూత లోపల రాసి ఉన్న ఆంపియర్ల ప్రకారం సరైనది వేశారు. తర్వాత మోటార్ దగ్గర కప్లర్, అంటే వైర్లు కలిసే ప్లగ్గు, ఊడదీసి, స్విచ్ వేయించి, టెస్ట్ ల్యాంపుతో ఒక్కో పిన్ను చూశారు. కరెంటు వస్తోంది. ల్యాంపు వెలిగితే వైరింగ్ మొత్తం బాగున్నట్టు కాదట, లోడు పడ్డప్పుడు కూడా రావాలి. అందుకని మీటరు పెట్టి, మోటార్ తిరుగుతుండగా వోల్టేజి ఎంత పడిపోతుందో కూడా చూశారు. ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి మోటార్ బాడీకి బ్యాటరీ నెగటివ్ నుంచి విడిగా ఒక వైరు తగిలించి చూశారు. తేడా ఏమీ రాలేదు. అంటే స్విచ్, వైరు, ఎర్త్ బాగానే ఉన్నాయి. ఇదంతా అయ్యేదాకా ఒక్క బోల్టు కూడా విప్పలేదు. గుంటూరులో ఈ పరీక్షల్లో ఒక్కటి కూడా జరగలేదని అప్పుడు అర్థమైంది.

తర్వాత చేసిన పనే అసలు విషయం. బ్యాటరీ నెగటివ్ తీసి, వైపర్ రెక్కల నట్లు విప్పి రెక్కలు తీసేసి, అద్దం కింద జాలీ కూడా తీశారు. దాని కింద గాడిలో అరచేయి మందాన వేపాకు కుళ్లి నల్లగా పేరుకుని ఉంది. మా ఇంటి ముందు వేపచెట్టు కిందే బండి ఉంటుంది. నీళ్లు కిందకి పోయే రంధ్రాలు ఆ ఆకుతో పూడుకుపోయాయి. దాంతో వాన పడినప్పుడల్లా అక్కడ నీళ్లు నిలబడి వైపర్ స్పిండిళ్లు, అంటే రెక్కలు తిరిగే ఇరుసులు, నానుతూ వచ్చాయన్నమాట. ఆయన మోటార్ చివర తిరిగే చిన్న చేయి, అంటే క్రాంకు, నుంచి స్పిండిళ్లని కదిపే లింకు రాడ్డు ఊడదీసి, "ఇప్పుడు నువ్వు తిప్పు" అని డ్రైవర్ వైపు స్పిండిల్ నా చేతికిచ్చారు. రెండు వేళ్లతో తిరిగింది. పక్క సీటు వైపుది పట్టుకుంటే కదల్లేదు. గుడ్డ చుట్టి బలంగా తిప్పితే గరగరమని ఇసుక నలిగినట్టు చప్పుడు చేస్తూ కొద్దిగా జరిగింది, అంతే. ఎప్పుడో కంపెనీలో పెట్టిన గ్రీజు గట్టిపడి, తుప్పుతో కలిసి, ఇనుముకి ఇనుము పట్టేసింది. పాపం ఆ చిన్న మోటారు ఇన్నాళ్లూ దీన్ని ఈడుస్తూ వచ్చింది. మొదటి మోటార్ పోయింది దీనివల్లే, రెండోది ఫ్యూజ్ కొట్టేసింది కూడా దీనివల్లే.

మోటార్ మూత విప్పి లోపల కూడా చూపించారు. లోపల మరలాగా ఉండే వార్మ్ ఒక నైలాన్ గేరుని తిప్పుతుంది. గుంటూరులో వేసిన ఈ మోటార్‌లో అది ఒకవైపు పళ్లు అరిగి నున్నగా అయిపోయింది. రెక్కలు ఎక్కువ బరువు లాగేది ఆ భాగంలోనేనట. అదే గేరు మీద రాగి పలక ఒకటి ఉంటుంది. మనం స్విచ్ ఆపినా వైపర్ మధ్యలో ఆగకుండా కిందకి వెళ్లి పడుకుంటుంది చూడండి, అది ఈ పలక చలవే. రెక్క అడుగుకి వచ్చేదాకా మోటార్‌కి ఇంకో దారిలో కరెంటు అందుతూ ఉంటుంది, అడుగుకి రాగానే అది కట్ అయ్యి మోటార్ టక్కున ఆగుతుంది. ఇందులో ఆ పలక ఒకచోట మాడి గుంటపడింది. పలక ఇలా పాడైతేనే రెక్కలు ఎక్కడపడితే అక్కడ ఆగిపోతాయట. ఇలా విప్పి కళ్లకి చూపించి "ఇదీ సంగతి, ఇప్పుడు మార్చాల్సిందే" అంటే కాదనడానికి ఏముంటుంది.

ఆయన చెప్పగా తెలిసిన ఒక సంగతి ఇంట్లోనే ఎవరైనా చూసుకోవచ్చు. ఇలాంటి రెండు స్పీడ్ల మోటార్లో మూడు కార్బన్లు, అంటే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు, ఉంటాయి. ఒకటి రెండు స్పీడ్లకీ ఉమ్మడి, ఒకటి స్లోకి, మూడోది కొంచెం పక్కకి జరిపి పెట్టింది ఫాస్ట్‌కి. స్లోలో అస్సలు తిరగకుండా ఫాస్ట్‌లో మాత్రం తిరుగుతోందంటే ఆ ఒక్క కార్బన్ అరిగిందనో, స్విచ్‌లో ఆ కాంటాక్ట్ పోయిందనో అనుకోవచ్చు. అప్పుడు మోటార్ మొత్తం మార్చక్కర్లేదు, కార్బన్లు వేసి ఇచ్చేవాళ్లు ఆటోనగర్‌లోనే ఉన్నారు. రెండు స్పీడ్లలోనూ నీరసంగా తిరుగుతుంటే, ముందు స్పిండిళ్లు, లింకులు చూడమనండి. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజ్, ఎర్త్, కప్లర్. మోటార్ తిరుగుతున్న చప్పుడు వస్తూ రెక్కలు కదలకపోతే లింకు ఊడిందో, క్రాంకు నట్టు వదులైందో, గేరు పళ్లు పోయాయో.

మోటార్ కొనేటప్పుడు ఆయన నాతోపాటు ఒక కుర్రాణ్ణి పంపించారు, పాత మోటార్ చేతిలో పెట్టి. పాతది తీసుకెళ్లడం చాలా ముఖ్యం, ఎందుకంటే చూడ్డానికి ఒకేలా ఉన్నా మోడల్ మారితే కప్లర్ పిన్నుల వరసా, బోల్టుల దూరమూ మారిపోతాయి. కౌంటర్ మీద మూడు రకాలు పెట్టారు. పేరున్న కంపెనీది, దానిలో దాదాపు సగం ధరకి పేరు లేని డబ్బాది, ఇంకా చవగ్గా పాత బండి నుంచి తీసింది. చేతిలో పట్టుకుంటేనే పేరు లేనిది తేలిగ్గా తెలిసిపోతోంది. నేను కంపెనీదే తీసుకున్నాను, పదిహేను వందలకి కాస్త అటూ ఇటూ అయింది. ఎలక్ట్రికల్ ఐటమ్‌కి గ్యారంటీ ఉండదు, వెనక్కి తీసుకోం అని ముందే చెప్పేస్తారు అక్కడ. అందుకని కౌంటర్ మీదే బ్యాటరీకి పెట్టి, రెండు స్పీడ్లూ తిప్పించి, వంకర చప్పుళ్లేమైనా వస్తున్నాయేమో విని, అప్పుడే డబ్బులివ్వండి. వాళ్లు కాదనరు, బ్యాటరీ అక్కడే ఉంటుంది.

పాత మోటార్ల గురించి బాబాయ్ చెప్పింది అందరికీ చెప్పాలనిపించింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా, అప్పుడు మునిగిన బండ్లు లెక్కలేనన్ని. వాటిలో తుక్కుకి పోయిన వాటి నుంచి తీసిన సామాను కూడా బయట తిరుగుతుంది. పైకి తుడిచి పెట్టేస్తే తెలియదు. కొనాలనుకుంటే గేరు మూత నాలుగు స్క్రూలు విప్పించి లోపల చూడండి. గ్రీజు తెల్లగానో పసుపుగానో ఉండాలి. బూడిదరంగు ఒండ్రు పట్టి ఎండిపోయి ఉంటే ఎంత చవకైనా వద్దు. ఇప్పుడు తిరుగుతుంది, బేరింగులోకి వెళ్లిన ఒండ్రు తర్వాత తన పని తను చేస్తుంది.

మేం తిరిగొచ్చేసరికి స్పిండిళ్లు రెండూ బయటికి తీసి, కిరోసిన్‌లో కడిగి, నీటి ఎమరీ కాగితంతో తుప్పు గీకి, కొత్త గ్రీజు పట్టించి సిద్ధంగా ఉంచారు. లింకు చివర నైలాన్ బుష్ ఒకటి వదులుగా ఉంటే దాన్నీ మార్చారు. ఇదంతా నేను అడిగిన పని కాదు. నీళ్లు పోయే రంధ్రాల్లో కంప్రెసర్ గాలి కొట్టి, మగ్గుతో నీళ్లు పోసి, చక్రం వెనక నుంచి కారుతున్నాయో లేదో వంగి చూశారు.

బిగించేటప్పుడు చేసిన ఒక పని గమనించాను, సొంతంగా చేసుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది. కొత్త మోటార్‌కి క్రాంకు వెంటనే తగిలించలేదు. ముందు కప్లర్ ఒక్కటే పెట్టి, బ్యాటరీ కలిపి, స్విచ్ వేసి కాసేపు తిప్పి, స్విచ్‌తోనే ఆపారు. అప్పుడు మోటార్ తనంతట తాను పార్కింగు స్థానానికి వచ్చి ఆగుతుంది. ఆ స్థితిలోనే, విప్పేముందు తెల్ల పెయింటుతో పెట్టుకున్న గుర్తు ప్రకారం క్రాంకు బిగించారు. ఇది చేయకుండా గుడ్డిగా బిగిస్తే స్విచ్ ఆపినప్పుడు రెక్కలు అద్దం మధ్యలో నిలబడతాయి, లేదా కింద జాలీకి కొట్టుకుని కొత్త గేరు మొదటిరోజే దెబ్బతింటుంది. రెక్కలు పెట్టాక పొడి అద్దం మీద వేయనివ్వలేదు, నీళ్లు చల్లాకే వేయించారు. ఇంజిన్ ఆపి ఒకసారి, స్టార్ట్ చేసి ఒకసారి, స్లో, ఫాస్ట్, ఆపితే కిందకి వస్తోందా లేదా, అన్నీ నాతోనే చూయించారు. మా 800 వైపర్ అంత హాయిగా, చప్పుడు లేకుండా తిరగడం ఈమధ్య కాలంలో చూడలేదు. నాన్న మొహం చూడాల్సింది.

లేబర్ అయిదు వందలు తీసుకున్నారు, బుష్‌కి, గ్రీజుకి విడిగా ఏమీ అడగలేదు. చేసిన పనికి ఇది తక్కువ, నేనే ఇంకో వంద ఇస్తే కుర్రాళ్లకి టీ డబ్బులని వాళ్లకిచ్చేశారు.

బాగోలేనివి కూడా చెప్పాలి. పొద్దున్నే వెళ్లినా మా బండి ముట్టుకునేసరికి మధ్యాహ్నమైంది. అపాయింట్‌మెంటు, ఫోన్‌లో చెప్పడం లాంటివి ఏమీ లేవు, లారీవాళ్లొస్తే వాళ్లని ముందు చూస్తారు, వాళ్ల బండి ఆగితే రోజు కూలీ పోతుంది కాబట్టి. నాకు అది న్యాయంగానే అనిపించింది కానీ సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లకి కష్టం. కూర్చోడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒకదానికి కాలు విరిగింది. నీడ తక్కువ, వెల్డింగు పొగ, రేకు కొట్టే చప్పుడు ఆగదు. పెద్దవాళ్లని, ఆడవాళ్లని తీసుకెళ్లకండి, బాత్రూము సంగతి అడగొద్దు. లేబర్‌కి బిల్లు ఇవ్వరు, గ్యారంటీ రాతపూర్వకంగా ఉండదు, "ఏదన్నా అయితే తీసుకురా బాబూ" అన్న మాటే గ్యారంటీ. స్పేర్ పార్టు షాపులో మాత్రం బిల్లు అడిగి తీసుకోండి, అడిగితే ఇస్తారు. ఇంకో విషయం, కాలిన వాసన వచ్చిన వైరు గురించి ఆయన పైపైన చూసి బాగానే ఉందన్నారు. నేను పట్టుబట్టాకే డాష్‌బోర్డు కింద ప్యానెల్ విప్పి చూశారు. ఒకచోట ఇన్సులేషన్ మెత్తబడి ఉంటే ఆ ముక్క కట్ చేసి కొత్త వైరు వేసి స్లీవ్ తొడిగారు. చేశారు కానీ అడగాల్సి వచ్చింది.

వానాకాలం అయిపోయింది కదా, చూద్దాంలే అని వదిలేసేవాళ్లకి ఒక మాట. మన కోస్తాలో అక్టోబరు, నవంబరులో కూడా వాయుగుండాలు పట్టి వానలు గట్టిగానే పడతాయి. పైగా పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలంటే ఆర్టీవో ఆఫీసులో బండి చూపించాలి, పనిచేసే వైపర్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే, 101వ నియమంలో ఉంది. మాది 2023లో అయిదేళ్లకి రెన్యువల్ అయింది, మళ్లీ 2028లో వెళ్లాలి.

ఎలా వెళ్లాలంటే, బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద వస్తే ఆటోనగర్ గేటు. లోపలికి వెళ్లి, లారీల ఎలక్ట్రికల్ పనులు చేసే షెడ్లు వరసగా ఉన్న వైపు ఎవరినైనా "కార్ల వైపర్లు చేసే పెద్దాయన" అని అడగండి, చూపిస్తారు. ఎనిమిదిన్నరకల్లా అక్కడుంటే నయం. బండిలో పాత గుడ్డ, తాగే నీళ్లు, ఫోన్ చార్జింగ్ చూసుకోండి. డబ్బులు ఫోన్‌పే కూడా చేయొచ్చు. వైపర్ బ్లేడ్ల రబ్బరు గట్టిపడి ఉంటే అవి కూడా అదే రోజు మార్పించేయండి, రబ్బరు అద్దాన్ని పట్టి లాగినా బరువు పడేది కొత్త మోటార్ మీదే. మా పక్క సీటు వైపు బ్లేడ్ బాగానే ఉందని ఆయన మార్చనివ్వలేదు, డ్రైవర్ వైపుది ఒక్కటే వేశారు.